అమెరికాలో ఇల్లు, హైదరాబాద్‌లో కాపురం: ఏటా ఎవరికి ఎంత పన్ను కట్టాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు ముందుగా చెబుతాను. మీరు పన్నెండేళ్ళు టెక్సస్ రాష్ట్రంలోని డాలస్ ప్రాంతంలో హెచ్‌1బీ వీసా మీద ఉద్యోగం చేసి, 2023 జులై 15న కుటుంబంతో హైదరాబాద్‌కు వచ్చేశారు. గ్రీన్ కార్డు లేదు. అక్కడే ఫ్రిస్కోలో మీ పేరిట ఉన్న ఇంటిని అమ్మకుండా, అప్పు తీర్చేసి, నెలకు 2,800 డాలర్లకు అద్దెకిచ్చారు. ఏటా సుమారు 9,000 డాలర్ల కౌంటీ పన్ను (కౌంటీ అంటే అక్కడి జిల్లా లాంటిది) కడుతున్నారు. 2023 వరకు అమెరికా రిటర్నులు వేశారు కానీ, 2024కు వేయలేదు. "అంత పన్ను అక్కడ కడుతున్నాను కదా, మళ్ళీ అమెరికా ప్రభుత్వానికీ, ఇక్కడా కూడా కట్టాలా? కట్టాల్సి వస్తే ఆ 9,000 డాలర్లు మినహాయించుకోవచ్చా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, ఆ ఒక్క ఇంటి మీద మీకు మూడు వేర్వేరు పన్నులు ఉంటాయి. మొదటిది ఇంటి విలువ మీద కౌంటీ వేసే ఆస్తి పన్ను. రెండోది అద్దె ఆదాయం మీద అమెరికా కేంద్ర ప్రభుత్వానికి కట్టే ఆదాయపు పన్ను. మూడోది అదే అద్దె మీద భారత ఆదాయపు పన్ను. అయితే ఈ మూడోది మీరు తిరిగి వచ్చిన వెంటనే మొదలు కాదు, రెండు మూడు సంవత్సరాల తర్వాత మొదలవుతుంది. అమెరికాకు కట్టిన ఆదాయపు పన్నును ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చు. కౌంటీ పన్నును అలా తగ్గించుకోవడానికి వీల్లేదు, అది ఖర్చుగా మాత్రమే లెక్కలోకి వస్తుంది. నేను హైదరాబాద్‌లో చార్టర్డ్ అకౌంటెంటుగా, అమెరికా రిటర్నులు వేసే ఎన్‌రోల్డ్ ఏజెంటుగా పద్ధెనిమిదేళ్ళుగా తిరిగి వచ్చిన కుటుంబాల లెక్కలు చూస్తున్నాను. ఈ తేడా తెలియక నష్టపోయినవారిని చాలామందిని చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు కౌంటీ సంగతి. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటంతా ఆస్తి పన్ను మీదే పడుతుంది. ఏటా జనవరి 1 నాటి విలువను అప్రైజల్ డిస్ట్రిక్ట్ నిర్ణయిస్తుంది, అక్టోబరు నుంచి బిల్లులు వస్తాయి, జనవరి 31లోగా కట్టాలి. ఫిబ్రవరి 1 వచ్చిందంటే 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ కలిసి మొదటి రోజే 7 శాతం పడుతుంది. జులై నాటికి అది 18 శాతానికి చేరుతుంది, ఆపైన వసూలు చేసే న్యాయవాదుల రుసుము 20 శాతం దాకా కలుస్తుంది. బిల్లు అందలేదన్న కారణం అక్కడ చెల్లదు. ఇది ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, తిరిగి వచ్చినవారిలో చాలామంది చిరునామా మార్చుకోరు. బిల్లు అదే ఇంటి తపాలా పెట్టెలో పడుతుంది, అద్దెకున్నవారు దాన్ని ప్రకటన కాగితమనుకుని పక్కన పడేస్తారు. చిరునామాను హైదరాబాద్‌కో, ఇల్లు చూసుకునే ప్రాపర్టీ మేనేజర్ దగ్గరికో మార్పించి, సంక్రాంతి నాటికి ఆన్‌లైన్‌లో కట్టేయడం అలవాటు చేసుకోండి. ఇంటి అప్పు ఇంకా ఉన్నవారికి సాధారణంగా బ్యాంకే, నెలవాయిదాతో పాటు పన్ను కోసం జమ చేయించుకునే ఎస్క్రో ఖాతా నుంచి, ఈ పన్ను కడుతుంది.

కౌంటీ విషయంలో దీనికంటే పెద్ద చిక్కు హోమ్‌స్టెడ్ మినహాయింపు. మీరు ఆ ఇంట్లో ఉన్న రోజుల్లో అది మీకు ఉండే ఉంటుంది. పాఠశాల పన్ను లెక్కలో ఇంటి విలువ నుంచి 2023లో 1,00,000 డాలర్లు తగ్గించేవారు, 2025 నుంచి అది 1,40,000 అయింది. దానితో పాటు పన్ను విధించే విలువ ఏడాదికి 10 శాతం కంటే పెరగకుండా రక్షణ ఉంటుంది. ఇవి రెండూ యజమాని స్వయంగా నివసించే ఇంటికే వర్తిస్తాయి. మీరు హైదరాబాద్‌లో స్థిరపడి ఇల్లు అద్దెకిచ్చాక ఆ మాట అప్రైజల్ డిస్ట్రిక్టుకు తెలియజేయాలి. నా దగ్గరికి వచ్చిన ఒక దంపతులు మూడేళ్ళపాటు తెలియజేయలేదు. కావాలని దాచలేదు, అసలు తెలియజేయాలన్న సంగతే వారికి తెలియదు. నాలుగో ఏడు మినహాయింపు రద్దవడమే కాక, వెనకటి సంవత్సరాల తేడా మొత్తం ఒకేసారి బిల్లుగా వచ్చింది. పొరపాటున ఇచ్చిన మినహాయింపును ఐదేళ్ళ వెనక్కి వెళ్ళి సరిచేసే అధికారం అక్కడి చట్టం ఇస్తుంది. మీ 9,000 డాలర్ల బిల్లు తీసి, మినహాయింపుల వరుసలో ఇంకా హోమ్‌స్టెడ్ కనిపిస్తోందేమో ఈ రోజే చూడండి. అద్దె ఇళ్ళకు వేరే పరిమితి ఒకటి ఉంది: 50 లక్షల డాలర్ల లోపు విలువున్న ఆస్తులకు 2024, 2025, 2026 సంవత్సరాల్లో పెరుగుదల 20 శాతం మించకూడదు. విలువ ఎక్కువ వేశారనిపిస్తే మే 15లోగా, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోగా, ఏది తర్వాతైతే అప్పటికల్లా అభ్యంతరం తెలపవచ్చు. దానికి మీరు స్వయంగా వెళ్ళనక్కర్లేదు.

ఇక అమెరికా ఆదాయపు పన్ను. తిరిగి వచ్చేశాం కాబట్టి అక్కడ రిటర్ను అక్కర్లేదన్న నమ్మకం మన వాళ్ళలో గట్టిగా ఉంది. జీతం విషయంలో అది నిజం కావచ్చు, ఇంటి విషయంలో కాదు. 1989లో భారత్, అమెరికాల మధ్య కుదిరిన పన్ను ఒప్పందం ప్రకారం కూడా స్థిరాస్తి ఆదాయం మీద పన్ను వేసే హక్కు ఆ ఆస్తి ఉన్న దేశానికి ఉంటుంది. మీరిప్పుడు అమెరికా లెక్కలో నాన్ రెసిడెంట్ ఏలియన్, అంటే అక్కడి పౌరుడూ, పన్ను లెక్కలో అక్కడి నివాసీ కాని వ్యక్తి. అలాంటి యజమానికి అద్దె మీద రెండు దారులున్నాయి, ఈ రెండింటి మధ్య తేడా చాలా పెద్దది.

మీరేమీ కోరుకోకపోతే, మొత్తం అద్దె మీద, ఒక్క డాలరు ఖర్చు కూడా తీసివేయకుండా, 30 శాతం పన్ను. మీ అద్దె ఏడాదికి 33,600 డాలర్లు కాబట్టి పన్ను 10,080 డాలర్లవుతుంది. రెండో దారిలో, ఈ అద్దెను అమెరికాలో నడిపే వ్యాపార ఆదాయంగా పరిగణించమని మీరే కోరుకోవాలి. అప్పుడు ఖర్చులన్నీ పోగా మిగిలిన దాని మీద మామూలు శ్లాబుల్లో పన్ను పడుతుంది. మీ అంకెలతోనే లెక్క వేద్దాం. కౌంటీ పన్ను 9,000, బీమా 3,000, కాలనీ సంఘం రుసుము 600, మేనేజర్‌కు అద్దెలో 8 శాతం చొప్పున 2,688, మరమ్మతులు 1,500 అనుకుందాం. దీనికి తోడు భవనం విలువ మీద తరుగుదల, అంటే భవనం ఏటా కొంత అరిగిపోయినట్టు లెక్కించే ఖర్చు, ఉంటుంది. స్థలం విలువ తీసేసి భవనం ఖరీదు 2,75,000 డాలర్లనుకుంటే, 27.5 ఏళ్ళకు పంచగా ఏడాదికి 10,000 డాలర్లు. ఇవన్నీ పోగా మిగిలేది 6,812 డాలర్లు. 2025 శ్లాబుల ప్రకారం అది 10 శాతం పరిధిలోనే ఉంటుంది కాబట్టి పన్ను సుమారు 681 డాలర్లు. ఒక్క కోరిక పత్రం జతచేయడం వల్ల 10,080 స్థానంలో 681. ఈ ఎంపికను మొదటి రిటర్నుతో ఒకసారి జతచేస్తే చాలు, తర్వాతి సంవత్సరాలకూ అదే కొనసాగుతుంది.

దీనికొక షరతుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఖర్చులు తీసివేసుకునే హక్కు సకాలంలో రిటర్ను వేసినవారికే ఉంటుంది. అమెరికాలో జీతం లేని నాన్ రెసిడెంటుకు ఫారం 1040-ఎన్‌ఆర్ గడువు మరుసటి ఏడాది జూన్ 15. ఆ గడువు దాటిన 16 నెలల లోపు కూడా వేయకపోతే ఖర్చులను నిరాకరించే అధికారం అక్కడి శాఖకు ఉంది. మీ 2024 రిటర్నుకు అసలు గడువు 2025 జూన్ 15, దానికి 16 నెలలు కలిపితే 2026 అక్టోబరు 15. ఆ తేదీ దాటనివ్వకండి.

ఇంకొక కాగితం. మీరు అమెరికాలో ఉండగానే ప్రాపర్టీ మేనేజర్‌ను కుదుర్చుకుని ఉంటే, అప్పట్లో డబ్ల్యూ-9 ఫారం మీద సంతకం చేసి ఉంటారు. "నేను అమెరికా పన్ను రెసిడెంటును" అని మీరు ధ్రువీకరించిన పత్రం అది, ఇప్పుడు ఆ మాట నిజం కాదు. దాని స్థానంలో, మీరు నాన్ రెసిడెంటని, ఈ అద్దె అమెరికా వ్యాపార ఆదాయమని తెలిపే డబ్ల్యూ-8ఈసీఐ ఫారం ఇవ్వాలి. అది ఇవ్వకుండా మీరు నాన్ రెసిడెంట్ అన్న సంగతి మాత్రం తెలిస్తే, మేనేజర్ ప్రతి నెలా మొత్తం అద్దెలో 30 శాతం పట్టుకోవాల్సి వస్తుంది. ఇల్లు మేనేజర్ లేకుండా నేరుగా అద్దెకిచ్చినప్పుడు ఆ బాధ్యత అద్దెకున్నవారి మీదే పడుతుంది.

తరుగుదల గురించి ఒక మాట. "అమ్మేటప్పుడు ఎలాగూ పన్ను పడుతుందిగా, తరుగుదల చూపించను" అని కొందరు అంటారు. అలా వదిలేస్తే రెండు విధాలా నష్టం. మీరు చూపినా చూపకపోయినా, అమ్మే రోజున ఇంటి కొనుగోలు ఖరీదులోంచి చూపదగిన తరుగుదలంతా తీసేసే లాభం లెక్కిస్తారు. కాబట్టి ఏటా తప్పకుండా చూపించండి.

ఇల్లు భార్యాభర్తల ఉమ్మడి పేరున ఉన్నవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. నాన్ రెసిడెంట్లకు ఉమ్మడి రిటర్ను లేదు, ఇద్దరూ విడివిడిగా వేయాలి. హెచ్‌4 (హెచ్‌1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద ఉండి వచ్చిన భార్యకు ఐటిన్ సంఖ్య, అంటే సోషల్ సెక్యూరిటీ సంఖ్య లేనివారికి అమెరికా ఇచ్చే పన్ను గుర్తింపు సంఖ్య, ఉంటే, వరుసగా మూడేళ్ళు ఏ రిటర్నులోనూ వాడకపోతే అది కాలం చెల్లిపోతుంది, దాన్ని పునరుద్ధరించాకే రిటర్ను వేయడం మంచిది. గ్రీన్ కార్డు ఉంచుకున్నవారికి, అమెరికా పౌరసత్వం ఉన్నవారికి పైన చెప్పిన నాన్ రెసిడెంట్ నియమాలేవీ వర్తించవు, వారు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చూపాల్సిందే. ఇల్లు కాలిఫోర్నియా వంటి చోట ఉంటే రాష్ట్ర రిటర్ను కూడా వేరుగా ఉంటుంది.

ఇప్పుడు అందరూ ఎక్కువగా పొరపాటు పడే చోటికి, భారత పన్నుకు వద్దాం. ఇక్కడ పన్ను పడుతుందా లేదా అన్నది మీ ఇంటిని బట్టి కాక, మీరు ఇక్కడ ఎన్ని రోజులున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. ఏళ్ళ తరబడి బయట ఉండి వచ్చినవారిని చట్టం కొంతకాలం "రెసిడెంటే కానీ ఆర్డినరిలీ రెసిడెంట్ కాదు" అన్న మధ్యస్థ హోదాలో ఉంచుతుంది, మా వాడుకలో ఆర్‌ఎన్‌ఓఆర్ అంటాం. ఆ కాలంలో విదేశీ అద్దె మీద ఇక్కడ పన్ను లేదు, రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక నింపనక్కర్లేదు. గడిచిన 10 ఆర్థిక సంవత్సరాల్లో 9 ఏళ్ళు నాన్ రెసిడెంటుగా ఉన్నా, లేదా గడిచిన 7 ఏళ్ళలో భారత్‌లో గడిపినవి 729 రోజులు మించకపోయినా ఆ హోదా దక్కుతుంది.

మీ తేదీలతో లెక్క చూడండి. 2023-24, 2024-25 సంవత్సరాలకు పదిలో తొమ్మిది నియమం కిందే మీరు ఆర్‌ఎన్‌ఓఆర్. 2025-26కు ఆ నియమం పనిచేయదు, ఎందుకంటే గడిచిన పదేళ్ళలో మీరు బయట ఉన్నవి ఎనిమిదే. అప్పుడు 729 రోజుల లెక్క చూడాలి. 2023 జులై 15 నుంచి 2024 మార్చి 31 వరకు 261 రోజులు, 2024-25లో 365 రోజులు, కలిపి 626. మిగిలింది 103 రోజులు. అంటే 2018 ఏప్రిల్ నుంచి మీరు తిరిగి వచ్చిన రోజు దాకా సెలవులకు, పెళ్ళిళ్ళకు ఇక్కడికి వచ్చి గడిపిన రోజులన్నీ కలిపి 103 లోపు ఉంటే 2025-26లో కూడా మీ ఫ్రిస్కో అద్దె మీద ఇక్కడ పన్ను లేదు. 104 అయితే ఉంది. నేను ఇలాంటి కేసుల్లో పాత, కొత్త పాస్‌పోర్టులు రెండూ బల్ల మీద పరుచుకుని, ఇమ్మిగ్రేషన్ ముద్రలు ఒక్కొక్కటీ వరుసగా కాగితం మీద రాసుకుంటాను. వచ్చిన రోజు, వెళ్ళిన రోజు రెండూ కలిపి లెక్కించడమే భద్రం. ముద్ర చెరిగిపోయిన చోట విమాన టికెట్ల ఈమెయిళ్ళు వెతికించాను. ఒక కుటుంబానికి నాన్నగారి ఆపరేషన్ కోసం వచ్చి ఉన్న మూడు వారాలే తేడా తెచ్చిపెట్టాయి.

ఆర్‌ఎన్‌ఓఆర్ కాలంలో ఒక్క జాగ్రత్త తీసుకోండి: అద్దె ముందు మీ అమెరికా బ్యాంకు ఖాతాలో పడాలి, ఆ తర్వాత అవసరమైనప్పుడు ఇక్కడికి తెచ్చుకోవచ్చు. మేనేజర్ నేరుగా హైదరాబాద్ ఖాతాకు పంపితే, భారత్‌లోనే అందుకున్న ఆదాయం కింద పన్ను పడే ప్రమాదం ఉంది.

ఆ కాలం ముగిశాక ఫ్రిస్కో అద్దె, కూకట్‌పల్లిలో ఫ్లాటు అద్దె ఎలాగో అలాగే లెక్కలోకి వస్తుంది. మొత్తం అద్దెలోంచి ఆ ఏడు నిజంగా కట్టిన కౌంటీ పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం గంపగుత్తగా మినహాయిస్తారు. బీమా, మేనేజర్ కమీషన్, మరమ్మతులు అన్నీ ఆ 30 శాతంలోనే సర్దుకోవాలి, తరుగుదల అసలు లేదు. పై అంకెల్లో 33,600లోంచి 9,000 పోతే 24,600, దాంట్లో 30 శాతం పోతే 17,220 డాలర్లు. తేలిక కోసం డాలరుకు 85 రూపాయలనుకుంటే 14,63,700 రూపాయలు. మీ జీతం ఇప్పటికే 30 శాతం శ్లాబులో ఉందన్నారు కాబట్టి సెస్సుతో కలిపి 31.2 శాతం చొప్పున సుమారు 4,56,700 రూపాయల పన్ను. దాంట్లోంచి అమెరికాకు కట్టిన 681 డాలర్లు, అంటే సుమారు 57,900 రూపాయలు తగ్గుతాయి. మిగతా దాదాపు 3,99,000 రూపాయలు ఇక్కడ కట్టాలి.

చూశారా, అమెరికాలో తరుగుదల వల్ల పన్ను తక్కువైంది, అందుకే ఇక్కడ తగ్గించుకోవడానికీ తక్కువే మిగిలింది. "రెండు దేశాల ఒప్పందం ఉంది కదా, రెండుసార్లు పడదు" అన్నది నిజమే, కానీ రెండింటిలో ఎక్కువ పన్ను ఎక్కడుంటే అంతవరకు కట్టి తీరాలి. తిరిగి వచ్చిన తర్వాత కూడా ఇల్లు ఉంచుకోవాలా అన్న ఆలోచనలో ఈ నాలుగు లక్షల రూపాయలను లెక్కలోకి తీసుకోనివారే ఎక్కువ. కౌంటీ పన్నును కూడా తగ్గించుకోవచ్చనుకుని ఒక పెద్దాయన రెండేళ్ళపాటు 9,000 వంటి మొత్తాన్నే మినహాయించి రిటర్ను వేశారు. ఒప్పందం కేంద్ర ఆదాయపు పన్నుకే వర్తిస్తుంది, ఆస్తి పన్నుకు కాదు. ఆయన తేడా మొత్తం వడ్డీతో కట్టవలసి వచ్చింది.

అమెరికా పన్నును ఇక్కడ తగ్గించుకోవాలంటే, 2025-26 ఆదాయం వరకు వర్తించే పాత చట్టం నియమాల్లో, ఫారం 67 వేయాలి, అక్కడ కట్టినందుకు ఆధారం జతచేయాలి. అక్కడి లెక్క జనవరి నుంచి డిసెంబరు, మనది ఏప్రిల్ నుంచి మార్చి. కాబట్టి ఒక భారత ఆర్థిక సంవత్సరంలోకి రెండు అమెరికా రిటర్నుల ముక్కలు వస్తాయి. ఇది కొంచెం విసుగైన పని, కానీ నెలవారీ అద్దె పట్టిక ఉంటే గంటలో తేలుతుంది. అద్దెను రూపాయల్లోకి మార్చడానికి మార్చి 31 నాటి స్టేట్ బ్యాంక్ టీటీ కొనుగోలు రేటు (బ్యాంకు డాలర్లను కొనే రేటు) వాడాలి. అమెరికాకు కట్టిన పన్నుకైతే కట్టిన నెలకు ముందు నెల చివరి రోజు రేటు వాడాలి. అమెరికా రిటర్ను జూన్‌లో పూర్తి చేసుకుంటే జులై 31 నాటి మన రిటర్నుకు అంకెలన్నీ చేతిలో ఉంటాయి. ఈ అద్దె మీద ఇక్కడ టీడీఎస్ కోసేవారెవరూ లేరు కనుక జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీల్లో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టుకోవాలి, లేకపోతే నెలకు 1 శాతం వడ్డీ.

అన్నిటికంటే భయపడాల్సింది విదేశీ ఆస్తుల పట్టికను ఖాళీగా వదిలేయడానికి. ఆర్డినరిలీ రెసిడెంట్ అయిన ఏడాది నుంచి షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ ఇంటి వివరాలు, అమెరికా బ్యాంకు ఖాతాలు రాయాలి. ఆ పట్టిక మాత్రం క్యాలెండర్ సంవత్సరం ప్రకారం అడుగుతుంది. రాయకపోతే 2015 నాటి నల్లధనం చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. 2024 అక్టోబరు 1 నుంచి 20 లక్షల లోపు విదేశీ ఆస్తులకు సడలింపు ఇచ్చారు కానీ, స్థిరాస్తికి అది వర్తించదు. ఇల్లు ఖాళీగా ఉన్నా, నష్టంలో ఉన్నా, పన్నే లేకపోయినా పట్టికలో ఉండాలి. మీరు అక్కడ ఉండగా కొన్న ఇంటిని ఇప్పుడు ఉంచుకోవడానికి విదేశీ మారకద్రవ్య చట్టం, ఫెమా, అనుమతిస్తుంది, అందులో భయపడాల్సిందేమీ లేదు.

ఇల్లు అద్దెకివ్వకుండా ఖాళీగా ఉంచేవారికి ఒక ప్రత్యేక హెచ్చరిక. భారత చట్టం రెండు ఇళ్ళ వరకే స్వంత వాడకంగా ఒప్పుకుని అద్దెను సున్నాగా లెక్కిస్తుంది. మణికొండలో ఒక ఫ్లాటు, ఊళ్ళో ఒక ఇల్లు ఖాళీగా ఉండి, టెక్సస్‌లో మూడోది కూడా ఖాళీగా ఉంటే, ఆ మూడింటిలో ఒకదానికి రాని అద్దెను వచ్చినట్టు ఊహించి పన్ను కట్టాలి. ఏ రెండింటిని స్వంతంగా చూపాలో ఎంచుకునే వీలు మీకే ఉంది కాబట్టి, ఎక్కువ అద్దె వచ్చే టెక్సస్ ఇంటిని ఆ రెండింటిలో చేర్చుకోండి.

2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల సంఖ్యలు వేరు, అందుకే వాటిని ఇక్కడ రాయలేదు. మీ 2025-26 ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది.

మీ విషయంలో చేయవలసిన వరుస ఇది. ఈ వారమే కౌంటీ బిల్లులో హోమ్‌స్టెడ్ సంగతి చూసి, చిరునామా మార్పించండి. మేనేజర్‌కు డబ్ల్యూ-8ఈసీఐ పంపండి. 2024కు ఫారం 1040-ఎన్‌ఆర్‌ను, ఎంపిక పత్రం జతచేసి, 2026 అక్టోబరు 15 లోపు వేయండి. 2025 రిటర్నుకు 2026 జూన్ 15 గడువు కాబట్టి రెండూ కలిపి తయారు చేయించుకోవడం మేలు. ఆపైన పాస్‌పోర్టులు తీసి 2018 ఏప్రిల్ నుంచి రోజులు లెక్కపెట్టండి. ఆ మొత్తం 103కు దగ్గరగా వస్తే, మీరు లెక్కించిన జాబితాను అలాగే ఇక్కడ పెట్టండి, నేను చూసి చెబుతాను.